కాళ్ళు కడిగించుకోనన్న పెళ్లికొడుకుతో నరసాపురం

నరసాపురానికి ఎవరైనా లేసు అల్లికలు కొనడానికి వెళ్తారు, లేదా పంటు ఎక్కి గోదావరి దాటడానికి వెళ్తారు. నేను మా తమ్ముడి కాళ్ళ కంపు వల్ల వెళ్ళాను. రాజమండ్రి నుంచి ఒక్కరోజులో భీమవరం, నరసాపురం చూసి రావాలనుకునేవాళ్ళకి దారి, ఖర్చు ఎలాగూ పనికొస్తాయి. ఇంట్లో బూట్ల వాసనతో సతమతమయ్యేవాళ్ళకి మిగతాది కూడా పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మా నాన్నా లేరు. తమ్ముడు సుధాకర్ పెళ్లికి పెద్దరికం నాదీ మా వారిదీ. వాడు భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కార్తీకంలో పెళ్లిచూపులయ్యాయి, మాఘంలో ముహూర్తం. అమ్మాయి పేరు హేమ, నరసాపురంలో స్కూలు టీచరు. ఇరవై రోజుల్లో పెళ్లనగా హేమ వాళ్ళ నాన్నగారు వెంకటరత్నం గారు నాకు ఫోన్ చేశారు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడారు.

"అమ్మా, పెళ్లిలో కాళ్ళు కడిగే తంతు వద్దని అబ్బాయి హేమతో అన్నాడంట. మా చేతి నీళ్ళు ఆయన కాళ్ళకి పనికిరావా అమ్మా? మేం నచ్చకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి. పందిరి వేశాక చెప్తే మాకు తలెత్తుకోడానికుండదు."

ఈ మాట ఎంత దూరం వెళ్తుందో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. పళ్ళెంలో పెళ్లికొడుకు కాళ్ళు పెట్టించుకుని, అత్తామామలు కడిగి, ఆ నీళ్ళు తమ నెత్తిన చల్లుకుంటేనే కన్యాదానం. అది వద్దనడమంటే వాళ్ళ పిల్లని వద్దన్నంత పని. వెంటనే సుధాకర్‌కి ఫోన్ చేశాను. "పెద్దవాళ్ళు నా కాళ్ళు పట్టుకోడం ఏంటక్కా, పాతకాలం కాకపోతే" అన్నాడు. కొత్త ఫోన్ కొనడానికి కూడా రాహుకాలం చూసుకునే మనిషి వాడు. వాడి నోట ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫోన్లో తేలే విషయం కాదనిపించి, వాడికి సెలవున్న రోజు చూసుకుని బయలుదేరాను.

రాజమండ్రి బస్టాండులో ఉదయం ఆరింటి లోపల భీమవరం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. కార్డు మర్చిపోకండి. కిటికీ పక్క సీటు కావాలంటే కాస్త ముందే వెళ్ళాలి, ఎందుకంటే ఈ దారిలో గోదావరి రెండుసార్లు వస్తుంది. జొన్నాడ దగ్గర గౌతమి మీద మంచు ఇంకా విడలేదు, ఇసుక తిన్నెలు ఎక్కడ మొదలయ్యాయో నీళ్ళు ఎక్కడ ఆగాయో తెలియలేదు. రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. అరటి గెలలు లారీలకెక్కుతున్నాయి. చక్రకేళి పళ్ళ అత్తం ఒకటి బేరమాడి ఎనభై రూపాయలకి తీసుకున్నాను. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటేసరికి ఎండ వచ్చింది. పెనుగొండ, మార్టేరు మీదుగా వెళ్తుంటే రెండువైపులా రెండో పంట దాళ్వాకి వరి నాట్లు. మోకాలి లోతు బురదలో వరసగా వంగి నాటుతున్న ఆడవాళ్ళని చూస్తే, గీత గీసినట్టున్న ఆ వరసలు కంటితోనే కొలుస్తారా అని ఆశ్చర్యం వేసింది. ఎన్నిసార్లు చూసినా ఈ నేల మీద ఇంత పచ్చదనం ఎలా పడుతుందో నాకు అర్థం కాదు.

భీమవరంలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, అల్లం చట్నీ కోసమైనా మళ్ళీ వెళ్ళొచ్చు. అక్కడి నుంచి సుధాకర్ గదికి ఆటో అరవై రూపాయలు. మేడ మీద గది. మెట్లు ఎక్కుతుండగానే వాసన ఎదురొచ్చింది. నానబెట్టి మర్చిపోయిన బట్టల వాసన, దాని మీద ఏదో మల్లెపూల సెంటు. గుమ్మానికి దూరంగా, వాటర్ ట్యాంకు పక్కన ఒక జత బూట్లు ఒంటరిగా ఉన్నాయి. వాడితో పాటు గదిలో ఉండే రాజు తలుపు తీశాడు.

"రండి అక్కగారూ. అటు పక్కనుంచి రండి, బూట్ల వైపు వద్దు. మా ఓనరు గారి కుక్క కూడా చుట్టూ తిరిగెళ్తదండి."

సుధాకర్ లోపల్నుంచి "నోర్ముయ్‌రా" అన్నాడు గానీ గొంతులో పస లేదు. రాజు టీ తెస్తానని కిందికి వెళ్ళాక, నేను మంచం మీద కూర్చుని సూటిగా అడిగాను. "కాళ్ళు కడిగించుకోనన్నది దీనికేనా?"

వాడు పాదాలు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. పెళ్లిచూపుల రోజు మేమందరం లోపల కాఫీలు తాగి బయటికి వచ్చేసరికి వాడి బూట్లు గుమ్మం దగ్గర లేవు. పిట్టగోడ మీద ఉన్నాయి, ఎండలో, తాళ్ళు విప్పి, నాలుకలు బయటికి లాగి. మా వారి చెప్పులు, నావి ఎక్కడ విప్పినవి అక్కడే ఉన్నాయి.

"ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయిందక్కా. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గు. ఇప్పుడు అంతమంది ముందు మావయ్యగారు నా కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. అత్తయ్యగారు కూడా. ఎలా కూర్చోనక్కా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు తమ చేతి నీళ్ళు పనికిరావని అలిగితే, ఇంకొకరు తన కాళ్ళు ఆ చేతులకి పనికిరావని కుమిలిపోతున్నారు.

ఏ పనైనా మూలం చూడకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు. వాడి దినచర్య అడిగాను. పొద్దున్నే స్నానం, తడి కాళ్ళకే నైలాన్ సాక్సు, పైన గంబూట్లు. రొయ్యలు ఒలిచే హాల్లో నేలంతా ఐసు నీళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మందు నీళ్ళ తొట్టెలోంచి నడవాలి. ఆ ఫ్యాక్టరీ శుభ్రత గురించి వాడు చెప్తుంటే ముచ్చటేసింది. తల వెంట్రుక ఒక్కటి బయటికి రానివ్వరట. రొయ్యకి అంత మర్యాద, కాళ్ళకి మాత్రం రోజంతా గాలి లేదు. డ్యూటీ దిగగానే అవే సాక్సులతో ఈ బూట్లు. గంబూట్లు ఉన్నది ఒకటే జత కాబట్టి ముందురోజు తడి ఆరకముందే వాటిలో మళ్ళీ కాళ్ళు దూర్చేస్తాడు. వాసన వస్తే సెంటు కొడతాడు. వేళ్ళ సందులు చూపించమంటే తెల్లగా నాని, తోలు ఊడుతోంది.

ఇది వంటింటి చిట్కాతో పోయేలా లేదనిపించి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫీజు నాలుగు వందలు. డాక్టరుగారు వేళ్ళు విడదీసి చూసి, ఆశ్చర్యం లేకుండా "గంబూట్లా?" అన్నారు.

"ఆయ్, అవునండి" అన్నాడు సుధాకర్.

"వేళ్ళ మధ్య ఫంగస్ పట్టింది. క్రీము రాస్తాను, పౌడరు రాస్తాను. మానిందనిపించినా నేను చెప్పేదాకా ఆపకు. కాళ్ళు బాగానే కడుగుతున్నావ్, తుడవట్లేదు. వేళ్ళ సందులు పొడిగా లేకపోతే నేనేం రాసినా దండగే."

"ఇంకో పదిహేను రోజుల్లో పెళ్లండి" అన్నాను నేను.

"అయితే చెప్పిన మాట వింటాడు" అని ఆయన నవ్వారు.

మందులకి మూడు వందల పైన అయింది. తర్వాత బజారు. పలచటి నూలు సాక్సులు ఆరు జతలు, ఫ్యాక్టరీకి ఇంకో జత గంబూట్లు, బూట్ల అడుగున వేసుకునే అట్టలు రెండు జతలు, వేళ్ళకి గాలి తగిలే తోలు చెప్పులు. అన్నీ కలిపి పధ్నాలుగు వందలు దాటాయి. ఇందులో ముఖ్యమైనది రెండో జత గంబూట్లే. ఒక జత వేసుకున్న రోజు రెండోది బోర్లించి ఆరబెట్టాలి. పాత అట్టలు పీకి అక్కడే పారేయించాను, వాసనంతా వాటిలోనే కూర్చుంటుంది. ఇంటికి వచ్చాక బూట్లలో వంటసోడా రెండు చెంచాలు చల్లి, మర్నాడు దులిపెయ్యమని చెప్పాను. సెంటు సీసా రాజుకి ఇచ్చేయమన్నాను. చెప్పులు అప్పటికప్పుడే వేయించి, అలాగే నరసాపురం బస్సెక్కించాను.

వీరవాసరం, పాలకొల్లు మీదుగా గంటకి పైగా పట్టింది. చెరువులు, చెరువుల్లో తిరిగే చక్రాలు, మధ్యమధ్య కొబ్బరి తోటలు. సుధాకర్ కాళ్ళు ముందు సీటు కిందికి తోసి కూర్చున్నాడు. అక్కడ ఏం చెప్పాలో దారిలో ఇద్దరం అనుకున్నాం. నిజం చెప్తే పిల్లాడు చిన్నబోతాడు, చెప్పకపోతే పెద్దాయన నొచ్చుకుంటారు. అందుకని, చర్మానికి మందు వాడుతున్నాడు, డాక్టరు నీళ్ళు తగలనివ్వొద్దన్నారు, అంతే తప్ప అగౌరవం కాదు అని నేను చెప్పాలని తీర్మానించాం. మధ్యే మార్గం బాగానే ఉందనిపించింది.

నరసాపురం బస్టాండులో ఆటో అతను అడ్రసు వినగానే "కొబ్బరికాయల వెంకటరత్నం గారింటికాండి? పెళ్లికొడుకుగారా?" అన్నాడు. చిన్న ఊళ్ళో దాపరికం ఉండదు. "అంత మంచి ఇల్లు దొరకదండి బాబు. ఆ అమ్మాయిగారు మా పిల్లకి టీచరండి. ఒక్క దెబ్బ కొట్టరు, పిల్లలు మాత్రం గజగజ." యాభై రూపాయలు తీసుకుని, పెళ్లికి తానే ఆటో పెడతానని చెప్పి వెళ్ళాడు.

ఇల్లు గోదావరి గట్టుకి దగ్గర. వాకిట్లో ఒకపక్క కొబ్బరికాయల రాశి, పీచు వాసన, ఇంకోపక్క ముగ్గు చెదరకుండా కట్టిన తాడు. హేమ వాళ్ళమ్మ సుబ్బలక్ష్మి గారు వరండాలో కూర్చుని తెల్లదారంతో లేసు అల్లుతున్నారు. ఆవిడ చూపు మా మీదే ఉన్నా చేతిలో సూది ఆగలేదు. చూడకుండా అల్లిన ఆ పువ్వుల్లో ఒక్క రేకూ వంకర పోలేదు. వెంకటరత్నం గారు కుర్చీలోంచి సగం లేచి "రండమ్మా" అన్నారు. అంతే. "ప్రయాణం బాగా జరిగిందా", "భోంచేశారా" ఏమీ లేవు. గోదావరి జిల్లాలో ఇంటికి వచ్చినవాళ్ళని భోజనం అడగలేదంటే మనసు ఎంత విరిగిందో అర్థం చేసుకోవచ్చు.

సుబ్బలక్ష్మి గారు మాత్రం అల్లిక పక్కన పెట్టి, మనసులో ఏమున్నా ఇంటి పద్ధతి తప్పకుండా, ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టు మీద నిలబడ్డారు. "కాళ్ళు కడుక్కుని రండి బాబూ."

మా తీర్మానం అక్కడే కూలింది. నీళ్ళు తగలకూడదని చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి, గుమ్మంలో ఆవిడ చెంబు వెనక్కి పంపాలి. నేను "అదీ... వదినగారూ..." అంటూ నీళ్ళు నములుతున్నాను. సుధాకర్ నా వైపు ఒకసారి చూసి, వెంకటరత్నం గారి వైపు తిరిగాడు.

"మావయ్యగారండీ, అక్క ఏదో సర్ది చెబుదామనుకుందండి. అది అబద్ధం. నా కాళ్ళు కంపు కొడతాయండి. అందుకే వద్దన్నాను."

"ఏంటీ?" అన్నారాయన.

"కంపండి. రోజంతా గంబూట్లలో ఉంటాయి కదండీ. ఆ నీళ్ళు మీరూ అత్తయ్యగారూ నెత్తిన చల్లుకుంటారు. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లేదండి. అంతేగానీ మీ చేతి నీళ్ళకి వంక పెట్టేంతవాణ్ణి కాదండి."

వెంకటరత్నం గారు కుర్చీలో వెనక్కి వాలారు. మొహంలో ఏదో కదిలి, ఒక్కసారిగా పెద్దగా నిట్టూర్చారు.

"ఇందుకా? ఇందుకా నేను వారం నుంచి అన్నం సయించక చస్తన్నాను!"

"ఎక్కడ సయించలేదండీ? నిన్న చందువా చేపల పులుసు మూడుసార్లు వడ్డించుకున్నారు" అన్నారు సుబ్బలక్ష్మి గారు.

"నువ్వుండవే. ఏమయ్యా, ఫ్యాక్టరీ నడుపుతావ్, ఇంత చదువుకున్నావ్. శుభ్రంగా ఉన్న కాళ్ళని ఎవడన్నా పనిగట్టుకు కడుగుతాడా? కంపు కొడితేనే కదయ్యా కడిగేది!"

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, లోపలి గదిలోంచి కూడా వినిపించింది. హేమ తలుపు దగ్గరికి వచ్చింది. సుధాకర్ మొహం ఇంకా తేటపడలేదు. వాడికి ఇంకో ముల్లు మిగిలే ఉంది.

"మరి ఆ రోజు నా బూట్లు గోడ మీద పెట్టింది ఎవరండీ?" అని అడిగాడు.

"నేనే" అంది హేమ.

"చేత్తోనా?"

"చేత్తో కాక, కాలితో తన్నమంటారా? తడిగా ఉన్నాయి, వాసనొస్తంది. మీరు కాఫీ తాగేలోపు ఎండ తగుల్తదని పెట్టాను. మా నాన్నగారివీ అక్కడే పెడతాను." నా వైపు చూసి కొంచెం సిగ్గుపడి, అయినా చెప్పేసింది. "నచ్చకపోతే మీ బూట్లు నేనెందుకు ముట్టుకుంటానండీ?"

రెండు నెలలకి పైగా మా తమ్ముడు అవమానమనుకుని మోసుకు తిరిగింది ఆ పిల్ల ఇచ్చిన అంగీకారమట. పరాయివాళ్ళ చెప్పులు చేత్తో ముట్టుకోవడం మనలో ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. ఆ రోజు లోపల అమ్మాయి ఇష్టాన్ని రెండుసార్లు అడిగాం, తల వంచుకుని ఊరుకుంది. జవాబు బయట పిట్టగోడ మీద పెట్టి వచ్చిందన్నమాట.

వెంకటరత్నం గారు భార్య చేతిలోని చెంబు అందుకుని "ఇలా పెట్టు కాలు, రిహార్సలు చేద్దాం" అన్నారు. సుధాకర్ రెండడుగులు వెనక్కి గెంతి కొబ్బరికాయల మీద పడబోయాడు. తర్వాత తన కాళ్ళు తానే కడుక్కున్నాడు. హేమ పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. వేళ్ళ సందులు తుడుచుకోమని నేను చెప్పాల్సి రాలేదు, ఆమే చెప్పింది.

మూడింటికి మాకు భోజనాలు వడ్డించారు. చందువా వేపుడు, గోంగూర, పెరుగు. అంత ఆలస్యంగా తిన్నా అంత రుచిగా తిన్నది లేదు. తర్వాత హేమ, వెంకటరత్నం గారితో కలిసి నలుగురం పంటు రేవు దాకా నడిచాం. అవతల సఖినేటిపల్లి ఒడ్డు కొబ్బరి చెట్ల గీతలా కనిపిస్తోంది. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, బడి పిల్లలు, ఒక కారు, అందరూ ఒకే పంటు మీద సర్దుకుని దాటుతున్నారు. మనిషికి కొద్ది రూపాయలే. సమయం ఉంటే వెళ్ళి రండి, సాయంత్రం వెలుగులో గోదావరి ఇక్కడ సముద్రాన్ని తలచుకుంటున్నట్టు వెడల్పుగా ఉంటుంది. సుధాకర్, హేమ కొంచెం ముందు నడిచారు. ఇద్దరూ చెప్పులు చేత పట్టుకుని మెట్ల మీద నీళ్ళలో కాళ్ళు పెట్టారు.

అయిదున్నర దాటాక పాలకొల్లు, రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సు. సుధాకర్ భీమవరం వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు సుబ్బలక్ష్మి గారు అల్లిన గుండ్రటి లేసు గుడ్డ ఒకటి ఇచ్చారు, కొంటానంటే కోప్పడ్డారు. బజారులో అయితే ఆ పనితనానికి ఆరేడు వందలు పెట్టాలి, పెట్టొచ్చు కూడా.

మాఘంలో పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. క్రీము, పౌడరు, ఆరబెట్టిన బూట్లు, రోజుకో జత సాక్సులు తమ పని చేశాయి. రెండో వారానికే రాజు బూట్లు గది లోపల పెట్టుకోనిచ్చాడట. అయినా పీటల మీద పళ్ళెంలో కాళ్ళు పెట్టేటప్పుడు మా వాడి మొహం ఎర్రబడింది. వెంకటరత్నం గారు తొందరపడలేదు. ఒక్కో వేలూ విడదీసి, పిల్లాడికి స్నానం చేయించినట్టు కడిగారు. "ముహూర్తం దగ్గరపడుతోందండీ" అని పంతులుగారు హెచ్చరిస్తే "ఉండండి, సందులు ముఖ్యమంట" అన్నారు. కడిగిన నీళ్ళు తన నెత్తిన, భార్య నెత్తిన చల్లుకున్నారు. సుధాకర్ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఒంటి వాసన గురించి మనం ఎవరితోనూ మాట్లాడం. ఎదుటివాళ్ళు ముక్కు మూసుకుంటారని భయపడి, వాళ్ళకి దూరం జరుగుతాం. ఆ దూరాన్ని వాళ్ళు పొగరనుకుంటారు. నరసాపురంలో ఆ ఇల్లు నాకు నచ్చింది ఇందుకే: వాసన వస్తే వస్తోందని ఒప్పుకుని, దానికి కావలసిన ఎండో నీళ్ళో చూపిస్తారు, మనిషిని మాత్రం గుమ్మం బయట ఉంచరు. కోడలిగా మా ఇంటికి వచ్చిన పిల్ల ఆ ఇంటి నుంచి వచ్చిందంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ప్రయాణానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఎన్ని రోజులు తిరిగినా ఒకే జత బూట్లతో బయలుదేరకండి, గాలి తగిలే చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకోండి. తిరిగి వచ్చిన రాత్రి బూట్లలోని అట్టలు బయటికి తీసి, లోపల నలిపిన న్యూస్ పేపరు కుక్కి, మర్నాడంతా వాటికి సెలవివ్వండి.